మామ చెక్కిన హంసలు

మీసంతోపాటు నాకు భక్తి కూడా కొత్తగా మొలుస్తున్న రోజులవి. మీసం పలచగానే వచ్చింది గానీ, భక్తి మాత్రం ఒత్తుగా వచ్చింది. పది ఆజ్ఞలూ తడుముకోకుండా ఒప్పజెప్పినందుకు పాస్టరుగారు ఒకసారి నా భుజం తట్టారు. అది తలకెక్కింది. ఇక ఎవరిని సరిదిద్దుదామా అని చూస్తుంటే మా మేనమామ దొరికాడు.

మామది రాతిపని. రోళ్ళు, తిరగళ్ళు, మా సంఘంవాళ్ళ సమాధి రాళ్ళు చెక్కేవాడు. వరంగల్ కోట చూడడానికి దొరలు, దొరసానులు రావడం మొదలయ్యాక, తోరణాల మీది హంసలను చూసి అరచేతిలో ఇమిడే హంసలు చేసి, కోటలో గోనెపట్టా పరిచి అమ్మేవాడు. దేవుళ్ళ బొమ్మలు మాత్రం ముట్టేవాడు కాదు. బాప్తిస్మం తీసుకున్నవాడికి తగదనేవాడు. హంస మెడ వంపు దగ్గర ఊపిరి బిగబట్టి ఉలి ఆడించేవాడు. మెడ విరగకుండా వచ్చిన రోజు ఇల్లంతా వినబడేలా కీర్తన పాడేవాడు.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచి నిలబడ్డాను. ఆకాశంలో ఎగిరేదాని రూపం గానీ, భూమ్మీద నడిచేదాని రూపం గానీ, నీళ్ళలో ఈదేదాని రూపం గానీ చెక్కకూడదని ఆజ్ఞ ఉండగా, మన సంఘంలోనే ఒకాయన ఎగిరి, నడిచి, ఈదే పక్షిని చెక్కుతున్నాడని, అంటే ఒక్కో బొమ్మకు మూడేసి తప్పులని ప్రకటించాను. పేరు చెప్పలేదు. (అవసరం రాలేదు. అందరూ మామవైపే తిరిగారు.)

మామ వాదించలేదు. ఆయనకు అక్షరం ముక్క రాదు; నేను చదివి చెప్పిందే ఆయనకు దేవుని వాక్యం. ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"మొగులు మీద లేనిది, భూమ్మీద లేనిది, నీళ్లల్ల లేనిది ఏదన్న ఉంటే జర చెప్పు అల్లుడా. గదే చెక్కుత."

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను బాగా ఆలోచించి, రోలు అన్నాను.

పాపం, అరచేతిలో ఇమిడే రోళ్ళు చేశాడు. నా ఇంగ్లీషు అక్కరకొస్తుందని నన్నూ కోటకు తీసుకెళ్ళాడు. ఒక దొరసాని రోటిని అటూ ఇటూ తిప్పి, ఇదెందుకని అడిగింది. మిరపకాయలు దంచడానికన్నాను. ఎన్ని పడతాయంది. ఒకటి, అన్నాను. ఆమె నవ్వి దాన్ని కింద పెట్టేసి, తన స్నేహితురాలు ఇక్కడ కొన్న పక్షిలాంటిది లేదా అంటూ చేతిని మెడలా వంచి చూపింది. మామకు ఆమె మాటలు తెలియలేదు గానీ, ఆ వంపు తెలిసింది. తల దించుకుని, "లెవ్వని చెప్పు" అన్నాడు. మళ్ళీ కోటలో గోనెపట్టా పరవలేదు. ఇంట్లో కీర్తన కూడా తగ్గిపోయింది.

చాలా ఏళ్ళకు, గ్రంథాన్ని మొదటినుంచీ వరుసగా చదువుతుంటే, ఆజ్ఞలు దాటిన పది పదకొండు అధ్యాయాలకు, రాళ్ళు చెక్కే ఒక పనివాణ్ణి దేవుడే పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపి పని నేర్పాడని కనబడింది. ఆజ్ఞ మొక్కడానికి చేసుకునే బొమ్మల గురించని కూడా అప్పుడే బోధపడింది. పుస్తకం మూయకుండానే మామ ఇంటికి పరుగెత్తాను. అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒలికిపోయేవి. ఆ భాగాన్ని రెండుసార్లు చదివించుకుని, నా తలమీద చెయ్యి పెట్టాడు.

"జర జల్ది సదువకపోతివి, అల్లుడా."

మాటలో కోపం లేదు. ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

ఇప్పుడు సంఘంలో నేనే పెద్దను. ఎవరిలోనైనా తప్పు కనబడి లేవబోతాను గానీ, మోకాళ్ళు నొప్పంటూ మళ్ళీ కూర్చుండిపోతాను. (నొప్పి ఉన్నమాట నిజమే. మరీ లేవలేనంత మాత్రం కాదు.)