రమణమ్మ వేలిముద్ర

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు రమణమ్మ వేలిముద్రను వెలుతురుకు పెట్టి చూసి, కాగితాన్ని బల్ల మీద పెట్టారు. ఆమె జీడిమామిడి తోట పోయేట్టుందని నాకు అప్పుడే తోచింది. ముద్రలో ఒక్క గీత లేదు. నున్నటి సిరామరక.

అరవయ్యో దశకం మొదట్లో బోగోలు వైపు సముద్రపు ఒడ్డు ఊళ్లకు నేను ముఖ్యసేవికను. ఆడవాళ్లకు కుట్టుపని, పెరటి తోటలు నేర్పే గ్రామసేవికల పైన ఉండే ఉద్యోగం అది. మా ఆయనకు కర్నూలులో పని. ఇద్దరు పిల్లలను ఇంట్లో వదిలి ఊళ్లు తిరుగుతుంటే, అలల వైపు వెళ్లారేమోనని ఎప్పుడూ భయమే. సాయంత్రం ఇల్లు చేరితే పలకరించే పెద్ద దిక్కు లేదు.

రమణమ్మ భర్త పోయాక రెండెకరాల ప్రభుత్వ ఇసుక భూమిలో జీడిమామిడి పెంచింది. పట్టా కోసం దరఖాస్తు రాసి, వేలిముద్ర వేయించింది నేనే. విచారణ రోజు మళ్లీ ముద్ర తీసుకుని, రెండూ ఒకటేనా అని చూస్తారు. ఆ విచారణ వేసవిలో పడింది. వేసవిలో అక్కడి ఆడవాళ్లు కూలికి జీడిగింజలు కాల్చి పగలగొడతారు. పెంకులోని నూనె వేళ్ల చర్మాన్ని తినేస్తుంది. ఇది తెలిసి కూడా నాకు తట్టలేదు.

విచారణకు వచ్చిన ఆమె మరిది నవ్వాడు. "ఏలుముద్రే లేనామెకి తోటెందుకు సామీ? ఆ పాత ముద్ర ఎవురిదో! చెట్లు మా అన్న నాటినాడు. నాకు రాయండి."

"మీ అన్న నాటినయ్యి ఎప్పుడో ఎండిపొయినాయి," అంది రమణమ్మ. "నేను కడవతో నీళ్లు మోసేటప్పుడు నువ్వు ఏడున్నావు అబ్బయ్యా?"

ఇన్‌స్పెక్టరు గారు నెల గడువిచ్చారు. అప్పటికీ ముద్ర కలవకపోతే మరిది అర్జీ చూస్తానన్నారు.

బయటికొచ్చాక, వేలి గీతలు మళ్లీ తేలాలంటే ఈ నెల గింజ ముట్టవద్దని రమణమ్మకు చెప్పాను.

"ముట్టకపోతే ఏం తినేదమ్మా? ఏడాదికి ఈ రెణ్ణెల్లే గదా పని!"

మా ఇంట్లో ఉండమన్నాను. ఊరికే తిననంది. వంట చేస్తానంటే ఒప్పుకున్నాను. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే నాకూ ధైర్యమే. ఆ సాయంత్రమే వచ్చింది.

నెల గడిచాక గీతలు తేలాయి, పట్టా ఆమె పేరునే వచ్చింది. ఆడవాళ్ల దరఖాస్తు పంపేముందు వాళ్ల చేతులు ఏ నెలలో ఏ పని చేస్తాయో కనుక్కోవాలని నేర్చుకున్నాను. మూడేళ్లు కుట్టుపని చెప్పించాను గానీ, ఒక్కరికీ సంతకం నేర్పించలేదు.

రమణమ్మ మా ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే అంట్ల ముందు కూర్చోబోతుంటే ఆపాను. పిల్లలను పిలిచి, "ఈ నెలంతా గిన్నెలు మనం ముగ్గురం తోముకోవాలి. పెద్దమ్మ చేతులు అరగకూడదు" అని చెప్పాను.