వాచీ వెనక మెలిక

ఇది ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఈ ఒక్క సంగతి దాటేస్తూ వచ్చాను. పద్మ చేత్తో చేసిన పనిని పద్మ చేతే చెరిపించాను. ఒక్క మాటతో. ఇన్నేళ్ళూ ఆ మాట బరువు నాతోనే ఉంది. ఇవాళ మీకు చెబుతున్నాను.

చిక్కడపల్లిలో పద్మ వాళ్ళ నాన్నది గడియారాల రిపేరు కొట్టు. పద్మ అక్కడే కూర్చుని స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కేది. మా ఇల్లు అశోక్‌నగర్‌లో. నాకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు తనే. లైబ్రరీ నుంచి నేను తెచ్చే పుస్తకాల్లో బొమ్మలు చూసేది. తనకు ఇంగ్లీషు రాదు కాబట్టి కింద రాసింది నేను చెప్పేదాన్ని.

ఒకసారి మావోరీల చెక్కడాల పుస్తకం తెచ్చాను. న్యూజిలాండ్‌లో తరతరాలుగా ఉంటున్న జనం వాళ్ళు. ఒక మెలిక బొమ్మ దగ్గర పద్మ ఆగిపోయింది. రెండు లేత తీగలు ఒకదానిలోంచి ఒకటి దూరి, మొదలూ చివరా తెలియకుండా. కింద ఏం రాసుందో అడక్కుండానే పుస్తకం తన దగ్గర ఉంచుకుంది.

కొన్నాళ్ళకు నా చేతిలో ఒక లేడీస్ వాచీ పెట్టింది. వెనక మూత మీద అదే మెలిక, సన్న ఉలితో, ఎక్కడా చెయ్యి తడబడకుండా. నాకోసమే అనుకున్నాను.

"ఎట్లున్నది? శాలినికి ఇస్త. పరీక్షలైనంక ఊరికి పోతున్నది గద."

శాలిని నారాయణగూడ హాస్టల్లో ఉండే అమ్మాయి. వాచీకి బెల్టు వేయించుకోవడానికి వచ్చి పద్మకు దగ్గరైంది. నేను మాట వెతుక్కునేలోపు తను పద్మను నవ్వించేసేది. పుస్తకం తెచ్చింది నేను. మెలిక చూపించింది నేను. మరి వాచీ శాలినికెందుకు?

"అర్థమేందో చెప్పు, పుస్తకాల పురుగా. ఇచ్చేటప్పుడు దానికి చెప్పాలె."

పేజీలో ఉంది. దారులు వేరైనా విడిపోని ఇద్దరికి గుర్తట అది. మెడలో వేసుకున్నవాళ్ళ శక్తి కొంత ఆ చెక్కడంలో చేరుతుందని వాళ్ళ నమ్మకమట. చదివాను. మళ్ళీ చదివాను. అప్పుడన్నాను:

"ఇది చనిపోయినవాళ్ళ కోసం చెక్కే గుర్తు పద్మా. బతికున్నవాళ్ళకి ఇవ్వరట."

"అయ్యో! నిజంగనా?"

"ఇందులో అలాగే ఉంది."

పద్మ గరుకు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చుని చూశాను. ఆపు అంటే చాలు. ఎందుకనలేదు? సిగ్గరిని కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం చెప్పడానికి అడ్డురాని సిగ్గు నిజం చెప్పడానికే అడ్డొచ్చిందా? కాదు. ఆ గరగర వింటుంటే నాకు హాయిగా ఉంది. ఎక్కడో ఉన్న జనం ప్రేమకు పెట్టుకున్న గుర్తును చావుకు అంటగట్టి, నా అసూయకు వాడుకున్నాను.

గీతలు పడ్డ వాచీ ఇవ్వలేక, ఉత్త చేతులతో ఎట్ల పోవాలెనని, శాలిని ఊరెళ్ళే రోజు పద్మ హాస్టలుకు పోలేదు. శాలిని ఉత్తరం రాయలేదు.

తర్వాత పద్మ వాళ్ళు కొట్టు ఖాళీ చేసి అడిక్‌మెట్ వెళ్ళిపోయారు. ఏమంత దూరం? అయినా నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ వాచీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. వెలుతురు ఏటవాలుగా పడితే మూత మీద ఒక తీగ వంపు ఇంకా కనిపిస్తుంది. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. రాశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. కొట్టు ఖాళీ చేసి వెళ్ళే రోజు ఆ వాచీ నా మణికట్టుకు పెట్టి బెల్టు బిగిస్తూ పద్మ అంది:

"నువ్వు సదివి చెప్పకుంటె శాలినికి ఎంత కీడు చేస్తుంటినో. నీ అసుంటి దోస్తు ఉండాలె. ఇది నువ్వే పెట్టుకో."