అఫ్రియే నునుపు చిత్రిక

అఫ్రియే పొగచేపల అమ్మకం మానేసి వడ్రంగం నేర్చుకోవడానికి కారణం కోపం. ఆ సంగతి ఆమే ఒప్పుకుంటుంది. నలభై మూడో ఏట గిన్నెల బీరువా ఒకటి చేయించుకుందామని కుమాసిలోని మా సోకోబాన్ కలప వాడకు వచ్చి, మాస్టర్ ఓబెంగ్‌కు చెప్పింది. ఓబెంగ్ చేతిపనిలో దిట్ట. మాట నిలబెట్టుకోవడంలో మాత్రం అంతంతమాత్రం. రేపు రమ్మన్నాడు, ఎల్లుండి రమ్మన్నాడు, పండగ వెళ్లాక రమ్మన్నాడు. ఆరోసారి వచ్చినప్పుడు ఆమె షెడ్డు మధ్యలో నిలబడి నాలుగు షెడ్లకు వినపడేలా అరిచింది.

"రేపు రేపంటూ నా చెప్పులు అరగదీశావు కదయ్యా! ఈ తిరుగుడేదో నీ దగ్గర పని నేర్చుకోడానికి తిరిగినా ఈపాటికి బీరువా నేనే చేసుకునేదాన్ని."

"అయితే నేర్చుకోమ్మా, ఎవరొద్దన్నారు?" అన్నాడు ఓబెంగ్ నవ్వుతూ. అతనికప్పుడు ముప్పై రెండేళ్లు.

సోమవారం పొద్దున ఏడింటికి ఆమె తలగుడ్డ బిగించుకుని వచ్చి నిలబడింది. ఓబెంగ్ నవ్వు ఆగిపోయింది. పొమ్మనడానికి నోరు రాలేదు.

నాది ఎదురు దుకాణం. మేకులు, జిగురు, సాండ్‌పేపర్ అమ్ముతాను. కాబట్టి ఆ నాలుగేళ్లూ నా కళ్లముందే గడిచాయి. మొదటి నెల ఆమె రంపం పడితే నేను నా దుకాణం తలుపు దగ్గరికి వేసుకునేవాణ్ణి. రెండో ఏడాదికి బీరువా చేసుకుంది, ఇంటికి పట్టుకుపోయింది, మళ్లీ మర్నాడు పనికి వచ్చింది. కోపం తీరినా పని వదల్లేదన్నమాట. మూడో ఏడాదికి ఓబెంగ్ షెడ్డులో కొనేవాళ్లతో మాట్లాడేది ఆమే, కలప లారీవాళ్లతో తగువు పెట్టుకునేది ఆమే. మధ్యాహ్నం అందరికీ కెంకె ముద్దలు, వేయించిన చేప, మిరపకాయ పచ్చడి తెప్పించేది కూడా ఆమే. చేపలో ముల్లు తప్ప ఇంకేం లేకపోతే ఆ అమ్మినవాళ్ల పని అయిపోయినట్టే.

మా దగ్గర శిష్యరికం పూర్తయితే "విడుదల" చేస్తారు. చుట్టాలను పిలిచి, నలుగురి ముందు పని చేసి చూపించాక, మాస్టర్ తలమీద పౌడరు పోసి విడుదల చేశానని మూడుసార్లు అంటాడు. ఆ మాట పడనిదే సొంతంగా షెడ్డు పెట్టకూడదు, బోర్డు మీద పేరు రాయించుకోకూడదు. అఫ్రియే కోరికంతా ఆ బోర్డే. ఓబెంగ్ ఆమె విడుదలను రెండుసార్లు వాయిదా వేశాడు. ఒకసారి వానలన్నాడు, ఇంకోసారి తలుపుల జోడింపు ఇంకా కుదరలేదన్నాడు. మూడోసారి తారీఖు పెట్టినప్పుడు కొత్త మెలిక పెట్టాడు.

"శనివారం నాటికి నీకు సొంత నునుపు చిత్రిక ఉండాలమ్మా. నాది అరువిచ్చేది లేదు. నువ్వే ఎంచుకుని కొనాలి, దాంతోనే సపేలె చెక్క మీద నునుపు తీసి చూపించాలి. చెక్క లేచిందంటే వచ్చే ఏడు చూద్దాం."

సపేలె సంగతి వడ్రంగుల్ని అడగండి. దాని నార ఒక వేలెడు మేర ఇటు పడుకుంటుంది, పక్క వేలెడు మేర అటు పడుకుంటుంది. మామూలు చిత్రిక పడితే కోడి పొడిచినట్టు గుంటలు లేస్తాయి. తర్వాత వాళ్లు నా దుకాణానికి వచ్చి సాండ్‌పేపర్ కొంటారు. మంచి నునుపు చిత్రిక ఉన్నవాడి మొహం నేను నెలకోసారి కూడా చూడను.

మంగళవారం అఫ్రియే ఒక్కతే ట్రోట్రో వ్యాను ఎక్కి సువామె వెళ్లింది. అక్కడ పనిముట్ల వీధిలో దొరకనిది లేదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆమె నడక చూసే నాకు అర్థమైంది, ఎవడి కొంపో ముంచి వచ్చిందని.

"నాలుగువందల యాభై సీడీలు చెప్పాడన్నా. ఎంతకిచ్చాడో చెప్పు?"

"మూడువందలు."

"రెండువందల ఇరవై! రెండుసార్లు లేచి వచ్చేశా. రెండుసార్లూ వెనకాల పరిగెత్తుకొచ్చాడు. ఆ ఎదుసెయ్ అనేవాడు చివరికి చేతులెత్తి దండం పెట్టాడనుకో."

సంచిలోంచి తీసింది. నీలం రంగు, మెరిసే పిడి, అద్దంలాంటి ఉక్కు. షెడ్డులో అందరూ చుట్టూ చేరారు. ఓబెంగ్ మాత్రం కిటికీ అద్దం ముక్క ఒకటి తెచ్చి బల్లమీద పెట్టి, దానిమీద చిత్రికను ఉంచి, ఒక మూల వేలితో నొక్కాడు. టక్. ఇంకో మూల నొక్కాడు. టక్. అడుగు చదునుగా లేక కుంటి పీటలా ఊగింది.

ఆమె సపేలె ముక్క బిగించి పట్టి చూసింది. మొదటి తోపుకే చెక్క గుంటలుగా లేచింది. ఆడలేక మద్దెల ఓడంటోందేమోనని ఓబెంగ్ కూడా పట్టి చూశాడు. అతనికీ లేచింది. బ్లేడు తీసి చూస్తే అది కూర్చోవలసిన చోట రంగు పెళ్లలు కట్టి ఉంది. పది తోపులకే అంచు మడత పడింది. పైన పటారం, లోన లొటారం.

"బేరంలో గెలవడానికి పోయి చిత్రికను చూడ్డం మర్చిపోయానన్నా," అంది నాతో. "చేపలైతే ముందు పొట్ట నొక్కి చూసేదాన్ని, ఆ తర్వాతే ధర అడిగేదాన్ని. దీని ధర ఒక్కటే చూశాను. సిగ్గేస్తోంది."

"సరే, అయితే వచ్చే ఏడు పెట్టుకుందాంలే అమ్మా," అన్నాడు ఓబెంగ్. ఆ మాట కాస్త తొందరగానే అన్నాడనిపించింది నాకు.

"శనివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి మాస్టారూ," అంది ఆమె.

బుధవారమంతా ఆమె వాడలో ఉన్న పాత వడ్రంగులందరి చిత్రికలూ తిరగేసి చూసింది. గురువారం తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని సువామెకు బయలుదేరింది. ఇంత పొద్దున్నే దేనికమ్మా, దుకాణాలైనా తీయరంటే, అందుకే అంది. మేం వెళ్లేసరికి ఎదుసెయ్ తాళం తీస్తున్నాడు. ఆమె చిత్రిక సంచి ఒళ్లో పెట్టుకుని గడప పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఏం అమ్మా, పొద్దున్నే!" అన్నాడతను నవ్వుతూ.

"ఏం లేదు నాయనా. ఇది తిరిగిచ్చేద్దామని వచ్చాను. నా డబ్బు నాకిచ్చెయ్."

ఎదుసెయ్ రెండు చెవులూ మూసుకున్నాడు. "అయ్యో అమ్మా, ఆ మాట అనకు! ఇంకా బోణీ కాలేదు!"

"తెలుసు."

"తెలిసి అంటున్నావా? పెట్టె తీసి మొదటి చేత్తోనే డబ్బు వెనక్కిస్తే ఈ రోజంతా, ఈ రోజేంటి, ఈ వారమంతా ఈగలు తోలుకోవాలి. మధ్యాహ్నం రామ్మా, నీకు పుణ్యముంటుంది."

"మధ్యాహ్నం పనుంది. ఇరవై రెండేళ్లు చేపలు అమ్మినదాన్ని, నాకు చెప్తావా? బోణీకి ముందు వాపసుకొచ్చినవాళ్లకంటే దొంగే నయం అనుకునేవాళ్లం మేము. అందుకే పొద్దున్నే వచ్చాను."

అది బెదిరింపే. నేను కాదనను. కానీ ఊగే చిత్రికను నిలబడేదని అమ్మినవాడి మీద నాకంత జాలి కలగలేదు. ఇంతలో వీధిలో ఇద్దరు మెకానిక్కులు ఆగి చూడడం మొదలుపెట్టారు. ఎదుసెయ్ గొంతు తగ్గించాడు.

"పోనీ మార్చుకో అమ్మా. ఇది పెట్టేసి ఇంకోటి తీసుకో. పైన ఏదో ఒకటి ఇస్తే అది అమ్మకమే, బోణీ అయినట్టే."

"ఇక్కడున్నవాటిలో ఏదైనా?"

"ఏదైనా!"

ఆమె మెరిసేవాటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బల్ల కింద పాత ఇనుము పెట్టెను బయటికి లాగింది. కొంగు ముడి విప్పి అద్దం ముక్క తీసి నేలమీద పెట్టింది. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని వెలుగుకేసి పెట్టి అడుగు పొడవునా చూసింది. మొదటిది బరువుగా బాగుంది కానీ బ్లేడు బయటికొచ్చే సందు పక్కన వెంట్రుకంత బీట. పక్కన పెట్టేసింది. రెండోదాని బ్లేడు సాన పట్టీ పట్టీ అరిగి బొటనవేలంత మిగిలింది. మూడోది తుప్పుపట్టి ఉంది, వెనక పిడి సగం విరిగిపోయింది. దాన్ని అద్దం మీద పెట్టి నాలుగు మూలలా నొక్కింది. చప్పుడు లేదు. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. బ్లేడు తీసి వెనకవైపు బొటనవేలితో రాసి చూసింది. తుప్పు పైపైనే ఉంది, గుంటలు పడలేదు. బ్లేడు దళసరిగా, ఇంకా పదిహేనేళ్లు సాన పట్టగలిగేంత పొడవుగా ఉంది.

"అది వద్దమ్మా, పిడి విరిగింది," అన్నాడు ఎదుసెయ్, నిజంగానే ఆమె మంచి కోరి.

"పిడి చెక్కుకోవడం రాకపోతే నాలుగేళ్లు నేను అక్కడ గాడిదలు కాశానా? పిడి బాగుండి ఉంటే నువ్వు దీన్ని పెట్టెలో పడేసేవాడివా? పైన ఎంత కావాలో చెప్పు."

"యాభై."

"ఇరవై. త్వరగా చెప్పు నాయనా, ఎవరో వస్తున్నారు. వాళ్ల ముందు వాపసు అడగమంటావా?"

ఎదుసెయ్ ఇరవై సీడీల నోటు కళ్లకద్దుకుని పెట్టెలో వేశాడు. అప్పుడు గాని నవ్వలేదు. "ఈసారి వచ్చేటప్పుడు మధ్యాహ్నం రా తల్లీ," అన్నాడు. ఆమె కూడా పగలబడి నవ్వింది. దారంతా ఆ పాత ఇనుప ముద్దను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, ట్రోట్రోలో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా అడుగు చూపించింది.

శుక్రవారం తుప్పు గీకింది, బ్లేడు సాన పట్టింది, ఓదూమ్ చెక్కతో తన అరచేతికి సరిపోయేలా పిడి చెక్కుకుంది. నా దుకాణంలో సాండ్‌పేపర్ ఒక్క ముక్క కొంది. ఇదే ఆఖరుది చూసుకో అన్నా, అని ఏడిపించింది కూడా.

శనివారం షెడ్డు నిండిపోయింది. చేపల బజారు ఆడవాళ్లు ఇరవైమంది ఒకే రకం గుడ్డతో బట్టలు కుట్టించుకుని వచ్చారు. మూలన ఫాంటా సీసాలు, వాచే అనే బొబ్బర్ల అన్నం దేగిసా. బల్లమీద మూరెడు సపేలె పలక బిగించి ఉంది. అఫ్రియే కాళ్లు ఎడంగా పెట్టి, ఒక్క తోపు తోసింది. బ్లేడు పైనుంచి పొట్టు రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ, ఎక్కడా తెగకుండా, చివరిదాకా వచ్చింది. చేపల బజారు ఆడవాళ్లకు సపేలె అంటే ఏమిటో తెలియదు గాని ఆ పొట్టు చూసి ఈలలు వేశారు. ఆమె పలకంతా పట్టింది.

ఓబెంగ్ ముందుకొచ్చాడు. అరచేత్తో ఇటునుంచి అటు రాశాడు, అటునుంచి ఇటు రాశాడు. వంగి వెలుతురుకు అడ్డంగా చూశాడు. చెంప ఆనించాడు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈలలు ఆగిపోయాయి. ఆమె మెడమీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది.

"ఏమైనా లేచిందా మాస్టారూ?" అంది చిన్న గొంతుతో.

"ఎక్కడైనా ఒక్క గుంట దొరుకుతుందేమోనని చూస్తున్నానమ్మా," అన్నాడు ఓబెంగ్. "దొరకడం లేదు."

"దొరక్కపోతే మంచిదేగా?"

"మంచిదే. కానీ దొరికితే నువ్వు ఇంకో ఏడాది ఉంటావు కదా." అని తల దించుకున్నాడు. "వానలూ కారణం కాదు, తలుపులూ కారణం కాదు. నువ్వు వెళ్లిపోతే ఈ షెడ్డు ఎట్లా నడుస్తుందో తెలియక వాయిదా వేశాను. చిత్రిక కూడా అందుకే అడిగాను. తప్పు నాదే."

అఫ్రియే నోటికి అలవాటైన అరుపు ఇప్పుడు వినపడుతుందని నేను కాచుకుని ఉన్నాను. ఆమె అరవలేదు. చిత్రిక పక్కన పెట్టి మోకాళ్లమీద కూర్చుంది.

"లే అమ్మా, నువ్వు నాకంటే పెద్దదానివి," అన్నాడు కంగారుగా.

"వయసులో నేను పెద్ద, పనిలో మీరు పెద్ద. కానివ్వండి, మోకాళ్లు నొప్పి. పక్క వీధిలోనే ఉంటాను మాస్టారూ, అరిస్తే వినపడుతుంది."

ఓబెంగ్ పౌడరు డబ్బా తీసి ఆమె తలమీద పోశాడు. విడుదల చేశానని ఒకసారి గట్టిగా అన్నాడు. రెండోసారి నెమ్మదిగా అన్నాడు. మూడోసారికి నోరు తెరిచాడు గాని మాట రాలేదు. పౌడరు డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆమె తల ఎత్తకుండా కాచుకుని ఉంది. అప్పుడు చేపల బజారు ఆడవాళ్లు, షెడ్డులోని వడ్రంగులు, నేను, అందరం కలిసి ఆ మూడోమాట అతని తరఫున అనేశాం.