నాన్నకు పెట్టిన పథ్యం

మొన్న రాజాంలో స్కానింగు తీసిన డాక్టరమ్మ నా కాలేయానికి కొవ్వు పట్టిందని చెప్పి, మందు అలవాటుందా అని అడిగింది. అరవై ఐదేళ్లదాన్ని, అడగడానికి ఆవిడకు నోరెలా వచ్చిందో! లేదని చెబితే, ఏం తింటావని ఆరా తీసింది. రెండుపూటలా అన్నం, పచ్చడి, వారానికి మూడు ఉపవాసాలు అన్నాను. పప్పు, గుడ్డు, చేప బొత్తిగా లేకపోతే కాలేయం కొవ్వును బయటికి పంపలేక తనలోనే పోగేసుకుంటుందట, అదీ ఒక కారణమేనట. ఈ పరీక్షలవాళ్ల మాటలు నేనంత తొందరగా నమ్మను గానీ, అది విన్నాక మా నాన్న గుర్తొచ్చాడు.

కళింగపట్నంలో నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపలు గంపకెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. చేపంతా గంపలోకే పోయేది, మా కంచాల్లోకి గంజన్నం, ఎండుమిరపకాయ వచ్చేవి. నాకు పదేళ్లప్పుడు నాన్న పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, మంచం పట్టాడు. కాలేయం చెడిందని వైద్యుడు అన్నాడో లేదో, ఇంకేముంది, నిప్పు లేనిదే పొగ రాదంటూ, దొంగచాటుగా తాగుతున్నాడని ఊరంతా తేల్చేసింది. నాన్న పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నా ఎవరూ నమ్మలేదు. "తాగినోడు తాగినానని సెప్తాడేటి?" అని అమ్మ కొట్టిపారేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కాలేయం జబ్బుకు పథ్యమని చేప, గుడ్డు, పప్పు అన్నీ మానిపించి, ఉప్పులేని గంజి ఒక్కటే పోసింది. ఆమె గంపెత్తుకుని వెళ్లాక కాపలా నాది. నాన్న నోరు వాసన చూసేదాన్ని, తలగడ కింద సీసా కోసం వెతికేదాన్ని. ఒకరోజు ఆయన ఆకలికి తాళలేక చూరులోంచి ఒక ఎండుచేప తీసి కాల్చుకోబోతే, చేతిలోంచి లాక్కుని అమ్మకు చాడీ చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నెల తిరక్కుండానే పోయాడు. సీసా మాత్రం ఏనాడూ దొరకలేదు, పాపిష్టిదాన్ని, ఆనాటినుంచీ నాకు చేప గొంతు దిగదు.

ఇప్పుడు తాగకపోయినా కాలేయం చెడుతుందని డాక్టర్లే చెప్తున్నారు, ఎవరూ ఒట్లు పెట్టుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో మనిషి నోటిమాట తప్ప మరో ఆధారం లేదు, ఆ మాటే మేం నమ్మలేదు.

అమ్మకు తొంభై దాటాయి, నా దగ్గరే ఉంటోంది. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పేద్దామని పక్కన కూర్చుని, ముందుగా, నాన్న నిజంగా తాగేవాడంటావా అని అడిగాను. నా ముఖంలోకి అనుమానంగా చూసింది.

"తాగీవోడేనే. నాకు దొరకనేదంతే."

అవునమ్మా, తాగేవాడే అన్నాను. ఈ వయసులో ఆవిడకు ఇంకేం చెప్పను?