ఓటములన్నీ డోన్యా ఫ్రెదె ఖాతాలో

మా బారావోనా ఊరి జట్టు పెలికాన్లు బేస్‌బాల్‌లో ఎప్పుడు ఓడినా, ఆ తప్పు తనదేనని కొట్లాటకు దిగే మనిషి డోన్యా ఫ్రెదె. జట్టు బట్టలు ఉతకడం ఆవిడ పని. నిందలో ఇంకొకరు వాటా అడిగితే ఊరుకునేది కాదు.

మేం ఛాంపియన్లమైన మరుసటి ఏడు ఆవిడకు చేతినిండా పని దొరికింది. కప్పు తెచ్చామని ఊరు మమ్మల్ని నెత్తిన పెట్టుకుంది. మళ్ళీ తేవాలన్న భయంతో మాకు తిండి సహించేది కాదు. నేను బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునే క్యాచర్‌ని.

"నా చెయ్యి పట్టు తప్పింది, డోన్యా," అని బంతి విసిరే మా పిచర్ ఒకసారి తల పట్టుకున్నాడు.

"నోర్ముయ్యి! నీ సాక్సులు తిరగేసి ఆరేసింది నేను. మధ్యలో నీ చెయ్యేం చేసింది?"

"వాన పడి ఆట చెడిందమ్మా," అన్నాడు మేనేజరు ఇంకోసారి.

"ఆ వానెందుకు పడింది? నేను దుప్పట్లు ఆరేశాను కాబట్టి!"

"నా తప్పులైనా నాకు మిగల్చవా?" అని ఆయన ఏడుపు మొహం పెట్టాడు. ముసలమ్మకు పిచ్చి ముదిరిందని అందరం తీర్మానించాం.

చివర్లో ఎలాగో కాస్త గెలుపు మొహం చూశాం. గెలుస్తున్నంతకాలం ఒంటిమీది బనీను ఉతక్కూడదని మావాళ్ళ పట్టింపు. ఫీల్డర్ ఒడాలిస్ ఆ పట్టింపును ఎంత నిష్ఠగా పాటించాడంటే, బస్సులో అతని పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

లీగులో ఆఖరి ఆట. ఓడితే ఇంటికే. ఇంకొక్క మనిషిని అవుట్ చేస్తే మేం గట్టెక్కుతాం. బంతి గాల్లోకి లేచింది. కళ్ళు మూసుకుని పట్టే బంతి. ఒడాలిస్ గ్లవ్‌లో పడి, జారిపోయింది. అవతలివాళ్ళు పరుగు తీసేశారు, మా కిరీటం పోయింది.

గేటు దగ్గర జనం ఒడాలిస్ పేరు పెట్టి తిడుతున్నారు. అతను గేటు లోపల గోడకు చేరబడి నావైపు తిరిగాడు.

"అన్నా, రేపట్నుంచి మా అమ్మ ఈ ఊళ్ళో బజారుకెలా వెళ్తుంది?"

ఆ మాట విని డోన్యా ఫ్రెదె గేటు తోసుకుని బయటికి నడిచింది.

"వాణ్నెందుకు తిడతారు? వాడి బనీను ఉతికేసింది నేను!"

జనం ఆవిడ మీదికి తిరిగారు.

"గెలుస్తుంటే ఎవరైనా ఉతుకుతారా, ముసలీ?"

"కంపు కొడుతుంటే ఉతకరా? సబ్బు కూడా పెట్టాను!"

"సబ్బా!" అని గుంపు గుండెలు బాదుకుంది.

"మా ఆవిడా అంతే! నిరుడు నా టోపీ ఉతికి కొంప ముంచబోయింది," అన్నాడొకడు. దాంతో ఎవరి ఇంటి గోల వాళ్ళు ఎత్తుకున్నారు. ఒడాలిస్ పేరు ఎవరికీ గుర్తులేదు.

నేను ఒడాలిస్ వైపు చూశాను. బనీను ఒంటిమీదే ఉంది, ఉప్పు చారలు కట్టి, కళ్ళు మండే కంపుతో. నీటిచుక్క తగిలిన దాఖలా లేదు. సీజనంతా ఆవిడ మాకోసం ఏం చేస్తూ వచ్చిందో నాకప్పటికి గాని బోధపడలేదు. వెళ్ళి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

అంతలో ఆవిడే లోపలికొచ్చి, గేటు గడియ పెట్టి, ఒడాలిస్ ముందు చెయ్యి చాపింది.

"విప్పరా, తొందరగా! వాళ్ళలో ఎవడైనా వచ్చి వాసన చూస్తే నా పరువేం కావాలి?"