దేశం ఎడమకాలికి, రాజధాని కుడికాలికి

నిన్న డిగ్రీ ఫలితాలు వచ్చాయి. నేను పాసయ్యాను. మా ఇంట్లో తాతది వేలిముద్ర, నాయనది ఐదో తరగతి, అమ్మది సంతకం వరకు. ఆ తర్వాత నేరుగా నేనే, బీఎస్సీ. ఈ వార్త ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉండి ఫోను పట్టుకుని వీధిలోకి ఉరికాను. ఎదురింటి గిడ్డయ్య మామ అరుగు మీద కూర్చుని దారం చుడుతున్నాడు.

"మామా, డిగ్రీ పాసైనాను."

"మంచిది రేణుకమ్మా," అన్నాడు మామ తలెత్తకుండానే. "కాళ్లు ఎట్లుండాయి?"

ఇదండీ నా బతుకు. రేపు నేను కలెక్టరునై కారు దిగినా ఎమ్మిగనూరులో నన్ను అడిగేది కాళ్ల సంగతే. పాలాయన అడుగుతాడు. ఆదోని బస్సు కండక్టరు టికెట్టిస్తూ ఒకసారి కిందికి చూసి నవ్వుకుంటాడు. కాలేజీలో చేరిన మొదటిరోజు లెక్చరరు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, "ఆ అమ్మాయివేనా?" అన్నాడు. చెప్పీ చెప్పీ నాకు ఓపిక అయిపోయింది. అందుకే మొత్తం ఒకేసారి రాసి పడేస్తున్నాను. ఒక టీవీ ఛానెలునీ, ఒక కల్యాణ మండపాన్నీ, పాపం ఏ తప్పూ చేయని ఒక జనరేటరునీ ఒక ఆడపిల్ల కూర్చున్నచోటి నుంచి లేవకుండా ఎలా ముంచిందో చదవండి. చదివాక మళ్లీ నన్ను అడగకండి.

మాది మగ్గాల ఇల్లు. నేలలో గుంత, గుంతలో నేసేవాడి కాళ్లు, కాళ్ల కింద రెండు చెక్కలు. ఎడమ చెక్క తొక్కితే సగం పోగులు లేస్తాయి, కుడిది తొక్కితే మిగతా సగం. ఆ మధ్య సందులోంచి నాడె దారాన్ని లాక్కుంటూ అటూ ఇటూ పోతుంది. మా ఇంట్లో అలాంటి మగ్గాలు రెండున్నాయి. ఒకదాని మీద నాయన కూర్చుంటాడు. రెండోది తాత పోయినప్పటి నుంచి ఖాళీ. ఖాళీ మగ్గం ఊరికే ఉండదండీ, ఇంట్లో ఎవరో ఒకరి వైపు చూస్తూ ఉంటుంది. మా ఇంట్లో అది నా వైపు చూసేది.

నేను మాత్రం దాన్ని చదువుకి వాడుకున్నాను. గుంతలో కాళ్లు వేలాడేసి, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, ఉత్త చెక్కలు తొక్కుతూ బట్టీ పట్టేదాన్ని. ఎడమకాలికి దేశం, కుడికాలికి రాజధాని. ఎడమ పెరూ, కుడి లిమా. ఎడమ కెన్యా, కుడి నైరోబీ. ఇట్లా ప్రపంచం మొత్తం తొక్కేశాను. చిక్కేమిటంటే కాళ్లు ఆగితే బుర్ర కూడా ఆగిపోయేది. పరీక్ష హాల్లో నేను ఆలోచిస్తుంటే ముందు బెంచీ అమ్మాయి వెనక్కి తిరిగి, "భూకంపమా?" అని అడిగేది.

ఇంటర్ రెండో ఏడులో ఉండగా ఒక టీవీ ఛానెలు టీనేజీ పిల్లలకి క్విజ్ పెట్టింది. మా కాలేజీ నుంచి నన్నూ, ఆటో నడిపే ఖాదర్ అన్న కూతురు షబానానూ పంపించారు. క్రికెట్టూ సినిమాలూ షబానావి, దేశాలు నావి. అప్పటికి మా ఇంట్లో నా డిగ్రీ గురించి పెద్ద తగువే నడుస్తోంది. ఇంటర్ అవుతూనే నన్ను రెండో మగ్గం మీద కూర్చోబెట్టాలని నాయన పట్టు. ఆదోని కాలేజీలో చేరాలని నా పట్టు. క్విజ్ కబురు తెలిసి నాయన గిడ్డయ్య మామని ఇంట్లోకి పిలిచాడు.

"నువ్వే సాక్షి అప్పా. ఇది టీవీలో గెలిచిందంటే ఆదోని కాలేజీకి పంపుతా. ఓడిందంటే నోరు మూసుకుని మగ్గం ఎక్కల్ల."

"ఏం పాపా, సరేనా?" అన్నాడు మామ.

"సరే మామా," అన్నాను. దేశాలన్నీ తొక్కేసి ఉన్నాను, నాకేం భయం.

ఆదోనిలో ఒక కల్యాణ మండపంలో షూటింగు. పెళ్లిపీటలుండే చోట మూడు జట్లకి మూడు బల్లలు వేసి, వాటి చుట్టూ నేలదాకా నీలం సాటిను గుడ్డ కట్టారు. బల్ల మీద గంట మీట. ఎవరు ముందు నొక్కి మోగిస్తే వాళ్లది జవాబు. నా కొత్త చెప్పులు అప్పటికే రెండు మడమలూ కొరికేశాయి. గుడ్డ చాటున ఎవరికీ కనబడదు కదా అని మెల్లగా విప్పేశాను. పాదాలు నేలకి ఆనించబోతే కింద ఏవో రెండు తగిలాయి. పక్కపక్కనే ఉన్నాయి. నున్నగా ఉన్నాయి. నొక్కితే కొంచెం దిగుతున్నాయి. సొంతింటికి వచ్చినంత హాయిగా అనిపించింది. అవేమిటని చూడాలని నాకు తట్టనే లేదు. మగ్గం గుంతలోకి ఎవరైనా వంగి చూస్తారా చెప్పండి.

అది కరెంటు పెట్టె. ఒకసారి నొక్కితే ఆరిపోయి, మళ్లీ నొక్కితే వెలిగే స్విచ్చులు రెండు. ఎడమది మూడు బల్లల గంటలకి, కుడిది క్విజ్ మాస్టరు మొహం మీది పెద్ద లైటుకి. ఈ సంగతి మీకు ఇప్పుడే తెలిసిపోయింది. నాకు తెలిసేసరికి కొంప మునిగింది.

"మంగోలియా రాజధాని?" అన్నాడు క్విజ్ మాస్టరు.

నా ఎడమకాలు మంగోలియాని తొక్కింది. పక్క బల్ల దగ్గర టై కట్టుకున్న కర్నూలు అబ్బాయి మీట నొక్కాడు. గంట మోగలేదు. నా కుడికాలు రాజధాని కోసం దిగింది, మాస్టరు మొహం చీకటైంది. ఎడమ, కుడి, ఇంకోసారి. లైటు వెలిగింది, గంట బతికింది, నాకు జవాబు దొరికింది. నొక్కాను. ఖంగున మోగింది.

"ఉలాన్ బాతర్."

"సూపర్," అన్నాడు మాస్టరు కళ్లు నులుముకుంటూ.

"సార్, నేను ముందే నొక్కినాను," అన్నాడు టై అబ్బాయి.

"మోగితేనే లెక్క బాబూ."

ఇలా ప్రతి దేశానికీ జరిగింది. నేను ఆలోచిస్తున్నంతసేపు మండపంలో ఎవరి గంటా మోగదు. నేను ఆలోచన ముగించేసరికి నాది మోగుతుంది. మధ్యలో మాస్టరు మొహం పండగ సీరియల్ బల్బులా వెలిగి ఆరుతుంది. షూటింగు ఆపి వైర్లు చూసేవాళ్లు. ఆపగానే నేను ఆలోచించడం మానేసేదాన్ని, అన్నీ భేషుగ్గా పనిచేసేవి. జనరేటరాయన్ని పిలిచి తిట్టారు. ఆయన దేవుడి మీద ఒట్టేశాడు. ఇంకోసారి తిట్టారు.

"ఏందే ఈ కరెంటు," అంది షబానా నా చెవిలో. "మనం గెలుస్తాండామంటే దానిక్కూడా కుళ్లు."

"కరెంటు సంగతి మనకేంటికి మే. గెలుస్తాండాం గదా," అన్నాను.

ఆఖరి ప్రశ్న వచ్చేసరికి కర్నూలు వాళ్లూ మేమూ సమానం. మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

"మడగాస్కర్ రాజధాని?"

ఒకరకంగా నన్ను ముంచింది ఆ ఊరి పేరే. లిమాలాంటి ఊరైతే ఒక్క తొక్కుతో అయిపోతుంది. ఇది బారెడు పేరు, రెండు కాళ్లూ గట్టిగా పనిచేస్తే తప్ప రాదు. ఎడమ కుడి ఎడమ కుడి అంటూ కళ్లు మూసుకుని దంచాను. టై అబ్బాయి మీట మీద పిడికిలితో గుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మాస్టరు చీకట్లోకీ వెలుగులోకీ పోయి వస్తున్నాడు. వైరుమ్యాను ఇక లాభం లేదని వైరు పట్టుకుని పాక్కుంటూ సాటిను గుడ్డ కింద దూరాడు. వినోదంగా ఉంటుందని కెమెరా ఆయన కూడా వెనకే దూరాడు.

ఎవరో నా చీలమండ పట్టుకున్నారు.

బల్ల కింద చల్లటి చేయి కాలు పట్టుకుంటే మీరేం చేస్తారో నాకు తెలియదు. నేను పామనుకున్నాను. రెండు కాళ్లూ కూడదీసి తన్నాను. పెట్టె వైర్లు తెంపుకుని ఎగిరింది. బయట జనరేటరు టప్పుమంది. వెంటనే లైట్లూ ఫ్యాన్లూ మైకూ అన్నీ పోయాయి. ఆ చీకట్లో నాకు జవాబు తట్టింది.

"అంటనానరివో," అని అరిచాను.

ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

టార్చిలైటు వేసేసరికి వైరుమ్యాను గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. "ఉత్త కాళ్లతో తొక్కుతాండావు గదమ్మా. షాకు కొట్టింటే పానం పోయేది," అన్నాడు. మాస్టరు వంగి నా పాదాలకేసి చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మా నువ్వు?"

"ఆలోచిస్తాండాను సార్."

"కాళ్లతోనా?"

"మా ఇంట్లో అంతే సార్."

గంట కొట్టి సంపాదించిన మార్కులన్నీ తీసేశారు. మూడు జట్లలో మాది మూడో స్థానం. బస్సులో ఎమ్మిగనూరు వచ్చాం. దిగాక షబానా, "చెప్పులేసుకోని నడువు," అంది.

ఓడిపోయానని చెప్పాను. నాయన "సరే" అన్నాడు, అంతే. మర్నాడు పొద్దున్నే తాత మగ్గం దుమ్ము దులిపి, గుంతలోని చెక్కలకి కొత్త తాళ్లు కట్టాడు. నేను గడపలో నిలబడి చూశాను. అన్ని దేశాలూ బుర్రలోంచి జారిపోతున్నట్టు అనిపించింది.

కొన్ని వారాల తర్వాత, నా ఇంటర్ ఇంకా అవకముందే, ఒక ఆదివారం ఆ క్విజ్ టీవీలో వేశారు. వీధి మొత్తం మా ఇంట్లోనే కూర్చుంది. మా ప్రశ్నలన్నీ కత్తిరించేసి, బల్ల కింద నా కాళ్లు మాత్రం ఉంచారు. మామూలుగా ఒకసారి, నెమ్మదిగా ఒకసారి, తబలా వాయిస్తూ ఇంకోసారి చూపించారు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అందరూ పగలబడి నవ్వుతారని నేను గోడకి అతుక్కున్నాను. కానీ ఎవరూ నవ్వలేదు. అంతమంది నేతగాళ్లు ముందుకి వంగి, డాక్టర్లు ఎక్సరే చూసినట్టు నా కాళ్లు చూస్తున్నారు.

"అప్పా, నాడెకు సందు యాడుంది?" అన్నాడు గిడ్డయ్య మామ.

"అదే నేనూ సూస్తాండా," అన్నాడు నాయన. "నాడె ఈ పక్కనుంచి ఆ పక్కకు పోకముందే కాలు మారుస్తాంది. ఇట్ల తొక్కితే ఉన్న పోగులన్నీ తెగుతాయి."

"టీవీల గూడా ఏసిరి. ఊరంతా సూసింటారు."

"దీన్ని మగ్గం ఎక్కిస్తే నా మగ్గం గుడ్డ ఎవురు కొంటారప్పా?"

"మల్ల ఏం జేస్తావు?"

నాయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఏం జేసేది. సదివిచ్చల్ల," అన్నాడు.

అక్కడ నాడె లేదు కదా నాయనా, నాడె లేనప్పుడు సందు ఎందుకు అని చెప్పబోయి నోరు తెరిచాను. అమ్మ కొంగు చాటునుంచి నా తొడ మీద మెలిపెట్టి గిల్లింది. నోరు మూసుకున్నాను. ఆదోని కాలేజీలో చేరాను.

మీకొక్కరికే చెబుతున్నాను. డిగ్రీ చదివినన్నాళ్లూ సెలవుల్లో, నాయన బయటికి పోయినప్పుడల్లా, ఆయన మగ్గం మీదే కూర్చుని నేశాను. ఒక్క పోగు తెగలేదు. సాయంత్రం నాయన ఆ గుడ్డని వేళ్లతో తడిమి చూసేవాడు. ఎవరు నేశారని ఒక్కనాడూ అడగలేదు.

నిన్న గిడ్డయ్య మామ దగ్గర్నుంచి ఇంటికి వచ్చి నాయనకి వార్త చెప్పాను. ఆయన నేసే పని ఆపాడు. నా ఫోను తీసుకుని, చదవడం రాని ఆ ఇంగ్లీషు అక్షరాల్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఫోను తిరిగిచ్చి రెండో మగ్గం వైపు గడ్డం ఊపాడు.

"ఏదీ, ఒకసారి తొక్కు. సూస్తాం."

గుంతలోకి కాళ్లు దించాను. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎడమ కుడి ఎడమ కుడి అని, దోమ దూరే సందు కూడా లేకుండా తొక్కాను. ఎడమ మడగాస్కర్, కుడి అంటనానరివో.

నాయన పెద్దగా నిట్టూర్చాడు. "ల్యా, ఇంగా కుదర్ల్యా. ఆ ఎమ్మెస్సీ ఏందో అది గూడా సదువు," అని తన నాడె అందుకున్నాడు.

కాబట్టి మగ్గం గుంత సాక్షిగా, వైరుమ్యాను గడ్డం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గుడ్డ కట్టిన ఏ బల్ల ముందూ ఈ జన్మలో చెప్పులు విప్పను. నాయన చూస్తుండగా ఏ మగ్గాన్నీ సరిగ్గా తొక్కను.