రెండు చందమామల తప్పులక్క

మొదటి నవల అట్ట ప్రూఫు దిద్దింది ఆమే. రాసిందీ ఆమే. అట్ట మీద మాత్రం లోకంలో లేని ఒక డాక్టరుగారి పేరు. ఆ పేరు వంకరగా పడిందని ఎర్ర సిరాతో గీత పెట్టి, సరిచేయించి అచ్చుకు పంపింది.

మా ప్రచురణ సంస్థలో ఆమె ప్రూఫురీడరు. అందరికీ తప్పులక్క. మెట్ల కింద గది, కిటికీ లేదు. తలుపు తెరవాలంటే ముందు కుర్చీ జరపాలి. అక్కడ కూర్చునే రెండు చందమామలున్న గ్రహాన్ని కల్పించింది. రెండూ ఒకేసారి పొడిస్తే తప్ప అక్కడి గని కార్మికులు పైకి రాలేరు. ఇరవై రెండేళ్లలో ముప్పై నవలలు.

"ఆడమనిషి రాకెట్ల గురించి రాస్తే ఎవరమ్మా చదివేది? డాక్టరంటే నమ్ముతారు" అన్నారు యజమాని అప్పట్లో. కలం పేరు సంస్థదేనని సంతకం పెట్టించుకున్నారు. పాఠకుల ఉత్తరాలకు డాక్టరుగారిలా జవాబులు రాయడం కూడా ఆమె నెత్తినే పడింది.

"మీ డాక్టరుగారిని ఓసారి భోజనానికి పిలవరాదూ?" అని భర్త ఆటపట్టించేవాడు.

"ఆయన కంచం కూడా నేనే కడగాలి. వద్దులెండి."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ తర్వాత ఆమె వంటింట్లో ఒక్కతే చాలాసేపు గిన్నెలు తోమేది.

కిందటేడు చెయ్యి వణకడం మొదలై నవల ఆలస్యమైంది. ముప్పై ఒకటోది యజమాని తన మేనల్లుడి చేత రాయించేశారు. ప్రూఫులు తప్పులక్క బల్ల మీదికే వచ్చాయి. చూస్తే మూడు చందమామలు! గనివాళ్లు లిఫ్టెక్కి మధ్యాహ్నం భోజనానికి పైకొచ్చేస్తున్నారు.

"సార్, ఇది నేను కట్టుకున్న లోకం" అంది పైకెళ్లి.

"నీదేంటమ్మా? అచ్చుతప్పులు చూడు, చాలు."

పుస్తకం వచ్చాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. "డాక్టరుగారూ, మతిగానీ పోయిందా? మూడో చందమామ ఎక్కణ్నుంచి ఊడిపడింది?" మేనల్లుడి తప్పుకు ఆమె వణికే చేత్తో క్షమాపణలు రాసింది.

పక్క గదిలో అచ్చుకు పేజీలు కూర్చే నేను ఉండబట్టలేక అన్నాను, "మానెయ్యక్కా!"

"మానేస్తే నా గనివాళ్లు వీళ్ల చేతుల్లోనే ఉండిపోతారు కదమ్మా" అంది.

ముప్పై రెండోది పట్టుబట్టి తనే రాసింది. రెండు చందమామలూ తొలిసారి ఒకేసారి పొడిచి, గనివాళ్లు పైకొచ్చేది అందులోనే. ఈ ఒక్కదానికైనా తన పేరు వెయ్యమంది. యజమాని అప్పట్లో ఆమె సంతకం చేసిన కాగితం చూపించారు. వచ్చే నెల అచ్చు.

మీరు ఆ నవలలు చదివినవాళ్లయితే, రాసిన మనిషి పేరు వెయ్యమని సంస్థకు రాయండి. కవరులో పెట్టకండి. కవర్లన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి, డాక్టరుగారి తరఫున జవాబు ఆమే రాయాలి. కార్డు మీద, పెద్ద అక్షరాలతో, యజమానికే రాయండి. గేటు నుంచి ఆయన గది దాకా దారిపొడుగునా అందరూ చదవాలి.